కాదనడానికో మంచి మాట
ఇంగ్లండ్‌లో బ్రాక్‌నెల్ లెక్సికన్ లాంటి షాపింగ్ వీధుల్లో మెడలో కార్డు, చేతిలో ట్యాబ్‌తో ఓ చిరునవ్వు ఎదురొస్తుంది: ఏదో సేవాసంస్థకు విరాళంగా నెలకు కొన్ని పౌండ్లు, డైరెక్ట్ డెబిట్. మనవాళ్లు ఫోను చెవికి ఆనించుకుని తప్పుకుంటారు, లేదా మొహమాటానికి ఒప్పుకుని ఇంటికొచ్చి రద్దు చేస్తారు. రెండూ మర్యాద కాదు. బియ్యం అయిపోతే ‘లేవు’ అనకుండా ‘నిండుకున్నాయి’ అనే జాతి మనది. వాకిట్లో యాచకుడితోనూ ‘చెయ్యి ఖాళీ లేదు నాయనా’ అనేవాళ్లం. ఆ ఒడుపే ఇక్కడా చాలు: ‘నేనిచ్చేది వేరేచోట ఇస్తున్నానండీ, థాంక్యూ.’ ఉత్తరాలూ ఫోన్లూ ఆగకపోతే, 2017లో మొదలైన ఫండ్‌రైజింగ్ ప్రిఫరెన్స్ సర్వీస్‌కు ఆ సంస్థ పేరు చెబితే ఆపిస్తారు. ఇచ్చేటప్పుడు మాత్రం, పన్ను కట్టేవారైతే గిఫ్ట్ ఎయిడ్‌కు టిక్ పెట్టండి. మీ పౌండుకు మరో 25 పెన్నీలు సర్కారు నుంచి ఆ సంస్థకు చేరతాయి. కాదనడం తప్పు కాదు. ఇస్తానని ఇవ్వకపోవడమే తప్పు.