అల్లికలో బిగి

ఊలుతో మఫ్లరులు నాలుగు, చంటిబిడ్డల టోపీలు ఆఱు, చేతులులేని స్వెట్టరులు రెండు అల్లి ముగించిన సోదరీమణులు పలువురు మమ్ము నడుగు ప్రశ్న యొకటి కలదు. ఇక నే క్రొత్త నమూనా నేర్చుకొనుట మేలు? ఆకుల నమూనాయా, జడల నమూనాయా? నమూనా లెన్ని నేర్చినను పనితనము మునుపున్న చోటనే యున్నదని వారి బెంగ. మగనికని యల్లిన స్వెట్టరు బిగుతై, తండ్రికని యల్లినది వదులై, రెండును తుదకు పెట్టె యడుగున కలరాయుండల నడుమ జేరుచున్నవట. మా యుత్తరము వారికి రుచింపకపోవచ్చును. క్రొత్త నమూనాల నాఱు మాసములు కట్టిపెట్టుడు. చేతనున్న రెండు కుట్లను చదువ నేర్చుకొనుడు.

ఈ విద్యయందు మూలమైన కుట్లు రెండే గదా. ఒకటి నిట్టు, రెండవది పర్లు. నిజమునకవి రెండును నొక్కటియే. నిట్టునకు వీపు పర్లు, పర్లునకు వీపు నిట్టు. అటునిటు అన్ని వరుసలును నిట్టే యల్లినచో గుడ్డ రెండువైపులను గట్లుగట్లుగా నుండి, చాపవలె చదునుగా పఱచుకొనును. ఒక వరుస నిట్టు, ఒక వరుస పర్లు అల్లినచో ముందువైపు నునుపుగా వచ్చును గాని ప్రక్కయంచులు వెనుకకును, క్రిందియంచు ముందునకును చుట్టుకొనును. ఇది చూచి తమ చేతి దోషమని చింతించువారు కలరు; అది యా యల్లిక స్వభావమేగాని దోషము కాదు. రెండు నిట్లు, రెండు పర్లు మార్చి మార్చి యల్లిన గుడ్డ సాగి మరల దగ్గఱకు వచ్చును. కావుననే నడుమునకును, మణికట్టునకును, కంఠమునకును దానిని వాడుట.

చదువుట యనగా నేమి? సూదిమీదనున్న కుట్టునకు సరిగా క్రింద చూడుడు. ఉత్తరీయపు చెఱగులు రెండు ఱొమ్ముమీద కలిసినట్లు పోగులు వాలుగా దిగి కలిసినచో నది నిట్టు. మెడకు కంటె పెట్టినట్లు అడ్డముగా బొడిపె యున్నచో నది పర్లు. ఈ రెండింటి ముఖములు గుర్తుపట్టగల యామెకు నమూనాకాగితముతో అవసరము సగము తీఱినట్లే. వరుస నడుమ పాలు పొంగినను, వాకిట నెవరైన పిలిచినను, పోయి వచ్చి కూర్చుండి యెంతవఱకు వచ్చితినని కాగితములో వెదకనక్కఱలేదు. గుడ్డయే చెప్పును.

మన పూర్వకావ్యములలో నేత కలదు. ఆదిపర్వమున నుదంకుడు నాగలోకము జొచ్చినపుడు తెల్లని దారములు, నల్లని దారములు పెట్టి వస్త్రము నేయుచున్న యిద్దఱు స్త్రీలను జూచెను. అవి పగలును రాత్రియునని పిదప తెలిసికొనెను. అది మగ్గము పని. పడుగు వేఱు, పేక వేఱు, నేసినది నేసినట్లే యుండును. సూదుల యల్లిక యట్టిది కాదు. ఇందు పోగు సాధారణముగా నొక్కటే. ఆ పోగు తన్ను తాను ఉచ్చుగా జేసికొని, యా యుచ్చులోనుండి మఱియొక యుచ్చును లాగుకొనుచు పోవును. కావున కొసను పట్టి లాగిన ఊలంతయు మరల ఉండయై చేతికి వచ్చును. విప్పుట కలవాటుపడినవారే యీ పనిలో పైకి వత్తురని మా యనుభవము. విప్పిన ఊలు ముడుతలుపడి యుండును గాన దానిని చిలుపగా చుట్టి, గోరువెచ్చని నీట ముంచి, నీడను వ్రేలాడదీసిన ముడుతలు చాలవఱకు పోవును.

అంతయు విప్పవలసిన పనియు లేదు. జాఱిపోయిన కుట్టు నిచ్చెన మెట్లవలె క్రిందికి దిగిపోయినచో క్రోషె సూదితో నొక్కొక్క మెట్టును పట్టి పైకి తెచ్చుకొనవచ్చును. కఠినమైన నమూనా యారంభించుటకు ముందు వేఱొక రంగు నూలుదారమును మొద్దుసూదికెక్కించి యా వరుస కుట్లన్నిటిగుండ దూర్చి యుంచుడు. పైన నేమి చెడినను అచ్చటివఱకే విప్పుకొనవచ్చును. కుట్లు దారముమీద భద్రముగా నిలిచియుండును.

ఇక బిగి సంగతి. అల్లసాని పెద్దనగారి కవిత్వమును మెచ్చినవారు అల్లికలోని బిగినే మెచ్చుకొనిరి. జడకును, పూలదండకును, నులకమంచమునకును, కథకును మన భాషలో అల్లుట యొక్కటే క్రియ. వీనియన్నిటి మంచి చెడ్డలును బిగిలోనే యున్నవి. ఊలు అల్లికలో నీ బిగిని కంటితో గాక కొలబద్దతో చూడవలెను. నమూనాపుస్తకమున 10 సెంటీమీటర్లకు 22 కుట్లని యుండును. మనవారు దానిని జూడక 90 సెంటీమీటర్ల ఱొమ్ముచుట్టుకొలతకు 198 కుట్లని యున్నది గదాయని యా 198 ఎక్కించి మొదలుపెట్టుదురు. చేయి కొంచెము వదులై 10 సెంటీమీటర్లకు 20 కుట్లే వచ్చుచున్నచో నా 198 కుట్లు 99 సెంటీమీటర్లగును. తొమ్మిది సెంటీమీటర్లు! పెట్టె యడుగున జేరిన స్వెట్టరులలో పెక్కింటి చరిత్ర యిదియే.

దీనికి విరుగుడు చదరపు తునక. 34 కుట్లెక్కించి యించుమించు 15 సెంటీమీటర్ల చదరము నల్లి, ఉదికి, ఆఱబెట్టి, యంచులు విడిచి నడుమ 10 సెంటీమీటర్లలో కుట్లు లెక్కింపుడు. ఉదుకకమునుపు కొలిచిన కొలత కొలత కాదు. కుట్లు తక్కువగా నున్న సన్నని సూదులు, ఎక్కువగా నున్న లావు సూదులు తీసికొని మరల నొక చదరము. సూదులను మార్చుడుగాని చేతిని బలవంతముగ బిగింపకుడు. రెండు వరుసలు బిగించి మూడవ వరుసలో మఱతురు, గుడ్డ అలలువాఱును. సూదుల సంఖ్యలోను ఒక చిక్కు కలదు. మన యంగళ్లలో దొఱకు పాత యాంగ్లేయ సంఖ్యలలో సంఖ్య పెరిగినకొలది సూది సన్నమగును: 8వ నంబరు 4 మిల్లీమీటర్లు, 10వ నంబరు 3.25. అమెరికా సంఖ్యలు దీనికి తలక్రిందులు. వారి 8వ నంబరు 5 మిల్లీమీటర్లు. కావున చేతిఫోనులో అమెరికావారి నమూనా చూచి యల్లువారు నంబరు విడిచి మిల్లీమీటర్లే చూడవలయును.

ఊలని యమ్మునదంతయు గొఱ్ఱె ఊలు కాదు. చౌక ఉండలలో ననేకము ఆక్రిలిక్కు. చిన్నతునకను పట్టుకాఱుతో పట్టి, నీటిగిన్నెపైన నుంచి కాల్చి చూచిన తెలియును: గొఱ్ఱె ఊలు వెండ్రుకలు కాలిన వాసనవచ్చి వ్రేళ్లనడుమ నలిగెడి బూడిదయగును, ఆక్రిలిక్కు కరగి గట్టిపూసయగును. ఆక్రిలిక్కును తక్కువచేయుట మా యభిప్రాయము కాదు. అది తఱచుగా నుదుకుటకు సులభము. కాని దానికి వేడి ఇస్త్రీపెట్టె తగిలెనా, బిగి చచ్చి వ్రేలాడును, మరల రాదు. చలి యెఱుగని మన కోస్తా యూళ్లకు నూలుదారమే మేలు. అయితే నూలునకు సాగి మరల ముడుచుకొను గుణము తక్కువ. బరువునకు నిలువున సాగును. ఊలు నమూనాను నూలుతో నల్లువారు మరల చదరము నల్లి చూడక తప్పదు.

గోదావరి మండలపు సోదరీమణులకు క్రోషె తెలిసియుండును గాన వారికొక సౌకర్యము కలదు. క్రోషెలో దారమెడమచేత నుండును. సూదుల యల్లికయందును ఎడమచేత దారము పట్టు పద్ధతి యొకటి కలదు. వారికదియే సులువు.

క్రోషె పేరు వచ్చినది గాన నొకమాట. నరసాపురము ప్రాంతపు లేసుపని 19వ శతాబ్దమున క్రైస్తవ మిషనరీల వలన మొదలైనది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపును లభించినది. జర్మను విదుషి మారియా మీస్ ఆ ప్రాంతమున పరిశోధనచేసి 1982లో నొక గ్రంథము ప్రకటించెను. దూరదేశముల యంగళ్లకు పోవు లేసు నల్లుచు దినమున ననేక గంటలు వెచ్చించు స్త్రీలను చుట్టునున్నవారు పనివారని యనలేదు, గృహిణులనిరి. వారి పనిని తీరికవేళ వినోదమనిరి. కూలియు నా పేరునకు తగినట్లే స్వల్పముగా నుండెనని యామె చూపెను. ఆ యల్లికలో తప్పు వచ్చిన విప్పుకొని మరల నల్లుకొను గంటకు వెల నిచ్చువారెవరు?

మన యల్లికను వినోదమనునపుడు మనకా హక్కు కలదు. పది వరుసలు విప్పినను అడుగువారు లేరు. అందుచేతనే, పనితనము చూచి "దీనిని అమ్మి నాలుగు రూకలు తెచ్చుకొనరాదా" యను బంధువుల మాటకు వెంటనే తలయూపకుడని మా మనవి. అమ్మకూడదని కాదు, అమ్ముట వేఱు పని, దానికి లెక్క వేఱు. అట్లే యుండలు నాలుగు కొని తెచ్చి "తీరికగా అల్లిపెట్టుమమ్మా" యనువారికిని లెక్క చెప్పవలెను. మా ఇంట నుపాధ్యాయులవారు దిద్దు కాగితములకు లెక్క కలదు గదా, అల్లిన కుట్లకేల యుండరాదు? 198 కుట్లు, 10 సెంటీమీటర్లకు 28 వరుసలు. నడుమునుండి చంకవఱకు 40 సెంటీమీటర్లన్న 112 వరుసలు. అనగా 22,176 కుట్లు. మా చేయి నిముషమునకు 20 కుట్ల చొప్పున నడచును, పదునెనిమిదిన్నర గంటలు. భుజములు, చేతులు, కంఠము, కుట్టి చేర్చుట ఇంకను మిగిలియున్నవి.

ఈ లెక్కను కాగితముమీద వ్రాసి మొన్న మా యాడుబిడ్డ కిచ్చితిమి. ఆమె చూచి, "వదినా, యింత యున్నదా" యని, తెచ్చిన ఉండలను సంచిలో పెట్టుకొని వెడలిపోయినది. అలుక వహించినదనుకొంటిమి. వారము తిరుగకమునుపే 8వ నంబరు సూదులు కొనితెచ్చుకొని మా వసారాలో కూర్చుండినది. మూడవ చదరమిపుడు సూదులమీద నున్నది. మొదటి రెండింటిలోను 10 సెంటీమీటర్లకు 19 కుట్లే వచ్చినవి.