గాజుకు గుర్తింపు, చేతికి మరుపు

హైదరాబాదు సంస్కృతి అనగానే ఒక చార్మినార్ బొమ్మనూ, ఒక బిర్యానీ పళ్లెమునూ చూపి సరిపెట్టడం పరిపాటి అయింది. నగరాన్ని ఇంత చిన్నగా చదివే చదువును మేము అంగీకరించము.

1591 నాటి చార్మినార్‌కు మహమ్మద్ కులీ కుతుబ్‌షా పేరు నిలిచింది. దాని సున్నపు గచ్చుపై పూలు తీర్చిన పనివాని పేరు నిలవలేదు. నేడూ అదే తీరు. ఆ నీడలోని లాడ్‌బజారు లక్కగాజుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. నిప్పు సెగపై లక్కను వంచి అద్దాలు పొదిగే చేతికి ఏమి లభించింది?

కచేరీలలో ఉద్యోగం చేసిన మాబోటివారికి మరొకటి తెలుసు. తహసీలు, దస్తావేజు, వసూలు, రాజీనామా లేకుండా తెలుగు కాగితం కదలదు. మనలను పరాయివారని ఫిర్యాదు చేయదలచినవారు సైతం అర్జీయే పెట్టుకోవాలి!

2019లో ఇర్రంమంజిల్‌ను కూల్చి శాసనసభా భవనం కట్టాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని హైకోర్టు కొట్టివేసింది. పౌరులు న్యాయస్థానం తలుపు తట్టినందుననే అది సాధ్యమయింది. గోడ కోసం కోర్టుకు వెళ్లవచ్చు. అంతరించిన పనితనాన్ని ఏ కోర్టు తిరిగి ఇవ్వగలదు?

కాబట్టి కట్టడాల జాబితాతోపాటు పనివారల జాబితా కూడా తయారు కావాలని, వారి శ్రమకు గిట్టుబాటు ధర దక్కాలని ప్రభుత్వాన్ని డిమాండ్ చేస్తున్నాము. మన కుటుంబాలకూ ఒక మనవి: ఇంటిలోని పాత బిద్రీ పాన్‌దాన్‌ను తూకానికి అమ్మకండి. దానిని పిల్లల చేతిలో పెట్టి, అది ఏ ఊరి పనితనమో చెప్పండి. తన ఇంటి వస్తువును చదవనివాడు తన నగరాన్ని చదవలేడు.