ఎవరి తాలూకు?

ఆడవాళ్ళు సైకిలు తొక్కుతామంటే ఇప్పుడెవరూ కాదనటం లేదు కదా, దీని మీద వ్యాసమేమిటని ఒక స్నేహితురాలు అడిగింది. నిజమే, కాదనరు. బడికి వెళ్తున్నంతకాలం కాదనరు. 1990ల మొదట్లో పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమం వేలాదిమంది పల్లె స్త్రీలకు సైకిలు నేర్పింది. 2006లో బీహారు ప్రభుత్వం తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళు మొదలుపెట్టింది, దాంతో బడిలో చేరే ఆడపిల్లలు పెరిగారని ఆర్థికవేత్తలు తేల్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2014-19 నాటి ప్రభుత్వం ‘బడికొస్తా’ పేరుతో ఇచ్చింది. కిటుకంతా ఆ పేరులోనే ఉంది. బడికొస్తేనే సైకిలు. చదువు ఆగితే అది తమ్ముడిదో, పాలు పోయటానికి వెళ్ళే తండ్రిదో అవుతుంది.

నేను మాట్లాడేది మరో సైకిలు గురించి. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, నలభై మిల్లీమీటర్ల లావు టైర్లు, గేర్లు. చూడటానికి రేసు సైకిలే గానీ దీనికి తారురోడ్డు అక్కర్లేదు. గ్రావెల్ బైక్ అంటున్నారు. మన పంచాయతీరాజ్ ఇంజనీర్లకు గ్రావెల్ అన్న మాట కొత్తేమీ కాదు. పులిగడ్డ దగ్గర దివిసీమలోకి దిగితే ఉన్నవన్నీ కరకట్టలు, పంటకాలవ గట్లు, మురుగుకాలవ గట్లు, డొంకలు. గుడివాడ వైపైతే చేపల చెరువుల గట్లు. వాన పడిందా, నల్లరేగడి చక్రానికీ ఫోర్కుకీ మధ్య ముద్దకట్టి చక్రం తిరగదు. పుల్లతో గీకి, భుజానికెత్తుకుని నడవటమే. ఎండిందా, గేదెల గిట్టలు దిగిన గుంటలు రాళ్ళయి కూర్చుంటాయి. సర్కారుతుమ్మ ముళ్ళ సంగతి ఇక చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం తిరిగాక హంసలదీవి వైపు వెళ్తే సముద్రం గాలి ఎదురు కొడుతుంది. ఆ గాలిలో నిటారుగా కూర్చుని తొక్కటమంటే గోడని నెట్టటమే. కొమ్ముల అడుగు పట్టుకుని వీపు వంచితే గాలి పైనుంచి పోతుంది. పైన, బ్రేకుల మీద, అడుగున – పట్టు మార్చుకుంటూ ఉంటే గంటల తరబడి తొక్కినా చేతులు తిమ్మిరెక్కవు. ఆ వంపు సోకు కోసం పెట్టింది కాదు.

ఆ వంగటమే ఎవరికీ పడదు! ఆడది వంగి ఊడిస్తే, వంగి నాటు వేస్తే, వంగి కలుపు తీస్తే కంటికింపు. పొద్దుట్నుంచీ మాపటిదాకా నడుం విరిగేలా నాటిన కూలితల్లిని చూసి ‘అదేం భంగిమ’ అన్న పెద్దమనిషి ఒక్కడూ లేడు. తన వేగం కోసం, తన ఇష్టం కోసం వంగితే మాత్రం అసభ్యం. లేడీస్ సైకిలు పుట్టుకే చూడండి. బట్టలకు అడ్డం రాకుండా కడ్డీ కిందికి దించారు, సరే. దాంతోపాటు మనల్ని బుద్ధిగా నిటారుగా కూర్చోబెట్టారు. ఓల్గా ‘రాజకీయ కథలు’ (1993) కళ్ళ గురించీ జడ గురించీ మాట్లాడాయి. పిక్కల గురించీ తొడల గురించీ కథలు ఇంకా బాకీ ఉన్నాయనుకుంటాను.

పోటీల్లోనూ ఇదే తంతు. 1984 దాకా ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు సైకిలు పందెం లేదు. 2022లో ఇటలీలో మొదటి గ్రావెల్ ప్రపంచ పోటీలు పెట్టినప్పుడు కూడా ఆడవాళ్ళకు దూరం తగ్గించారు. అమెరికాలో కాన్సస్ కంకర దారుల్లో జరిగే అన్‌బౌండ్‌లో 200 మైళ్ళంటే అందరికీ 200 మైళ్ళే. తగ్గించమని ఎవరడిగారు? దుకాణంలో నాకు ఎదురైందీ అదే. ‘మేడమ్, మీకింత అవసరమా?’ అన్నారు. ఉన్న ఒక్క సైకిలూ మగవాడి భుజాల వెడల్పుకు చేసింది, బ్రేకు నా వేళ్ళకందలేదు. దాన్ని దగ్గరికి జరిపే చిన్న మర ఉంటుందని నేనే చూపించాల్సొచ్చింది.

ఇది డబ్బున్నవాళ్ళ సరదా, దీనికి స్త్రీవాదం రంగు పులమకండి అనేవాళ్ళున్నారు. వాళ్ళతో సగం నాకు పేచీ లేదు. ఊడ్పుల కూలీ నెలల తరబడి సంపాదన పెట్టినా ఈ సైకిలు రాదు. పేచీ మిగతా సగంతోనే. 1902లో ఈ బందరులోనే భండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబ బృందావన స్త్రీ సమాజం పెట్టారు. అప్పట్నుంచీ సారా పోరాటం దాకా, గడప దాటాలంటే మనం ఏదో ఒక సత్కార్యం చూపిస్తూనే వచ్చాం. చూపిస్తేనే దాటనిచ్చారు మరి. పనేమీ లేకుండా ఊరికే తిరగటం కూడా హక్కేనని ముంబయి గురించి ‘వై లాయిటర్?’ (2011) రాసిన ముగ్గురు స్త్రీలు వాదించారు. ముంబయికి సరే, మరి కరకట్టకో?

కరకట్ట మీద మొదటి ప్రశ్న ‘ఎక్కడికమ్మా?’. ‘ఊరికే’ అంటే నమ్మరు. రెండోది ‘ఎవరి తాలూకు?’. ఇందులో ఇంటిపేరుంది, కులముంది, మొగుడున్నాడు. నా జవాబు విన్నాక గొంతులు మెత్తబడతాయి. దళితవాడ పిల్ల చెప్పే జవాబుకు మెత్తబడవు. అందుకే ఇది సైకిలు ధరతో తేలే విషయం కాదు. రేపు ప్రభుత్వమే ప్రతి పిల్లకీ గేర్ల సైకిలు ఇచ్చినా ఆ ప్రశ్న గట్టు మీద అలాగే నిలబడి ఉంటుంది.

పైగా గట్లే పోతున్నాయి. వరిచేలు చెరువులయ్యాక, కూలికెళ్ళే ఆడవాళ్ళు నడిచిన దారులకు గేట్లూ కాపలా కుక్కలూ వచ్చాయి. నాకంటే ముందు దారి పోయింది వాళ్ళకు. ఇప్పుడు చుట్టూ తిరిగి వెళ్తున్నారు, ఆ అదనపు నడకకు కూలి ఎవరూ కట్టరు. రెవెన్యూ పటంలో మాత్రం అది ఇంకా డొంకే. మీ ఊరి పటం తీయించి చూడండి, డొంక వెడల్పు ఎంత రాసి ఉందో, ఇవాళ ఎంత మిగిలిందో.