గురజాలకొచ్చిన అమెరికా దొర... ఆయన ముత్తాత ఎవరు?

అమెరికాలో చదివే మనవడికి బళ్లో ‘ఫ్యామిలీ ట్రీ గీసుకురండి’ అన్నారంటే ఇక్కడ నరసరావుపేటలో తాతగారికి పని పడినట్టే. ముత్తాత దాకా టకటకా చెప్పేస్తారు. ఆయన తండ్రి పేరేంటని అడిగితే మాత్రం ఫోన్లో కాసేపు మౌనం!

మరి రెండొందల ఏళ్ల కిందట అమెరికా వెళ్లి స్థిరపడిన మనిషి వంశాన్ని వెతకాలంటే? ఆ మనిషి మన గురజాలలో ఉన్నాయనే అయితే ఇంకా ఆసక్తి కదూ!

ఆయనే ఫాదర్ హయ్యర్. పల్నాడులోని లూథరన్ కుటుంబాలకు పరిచయం అక్కర్లేని పేరు. అమెరికా లూథరన్లు విదేశానికి పంపిన తొలి మిషనరీ. 1842 జులై 31న గుంటూరు చేరారు. మధ్యలో ఓసారి వెనక్కి వెళ్లి, బాల్టిమోర్‌లో వైద్యం నేర్చుకుని మరీ వచ్చారు. 1849లో గురజాలకు మకాం మార్చారు.

వంశాలు వెతికేవాళ్లు చావు నుంచి మొదలుపెట్టి పుట్టుకవైపు నడుస్తారు. హయ్యర్ 1873లో ఫిలడెల్ఫియాలో కన్నుమూశారు. పెన్సిల్వేనియాలోని సోమర్‌సెట్ ప్రాంతంలో, భార్య మేరీ పక్కనే సమాధి చేశారు. 1819లో ఆయన్ని పెళ్లాడేనాటికే మేరీ వితంతువు. వెబ్ అన్నది పుట్టింటి పేరు, గాష్ మొదటి భర్త ఇంటిపేరు, తర్వాత హయ్యర్. ఒకే మనిషిని మూడు ఇంటిపేర్ల కింద వెతకాలన్నమాట!

ఇంకాస్త వెనక్కి వెళ్తే హయ్యర్ అసలు అమెరికాలో పుట్టనేలేదు. 1793లో జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టారు. 1807లో, పద్నాలుగేళ్ల పిల్లాణ్ని ఫిలడెల్ఫియాలోని మేనమామ దగ్గరికి ఓడెక్కించారు. (కష్టమొస్తే మేనమామ గుర్తుకు రావడం మనకే సొంతం కాదన్నమాట.) అక్కడ యోహాన్ కాస్తా జాన్ అయ్యాడు. ఫ్రీడ్రిష్ ఫ్రెడరిక్ అయ్యాడు. పేరు అలా మారిందని తెలియకపోతే వెతుకులాట అక్కడే ఆగిపోతుంది.

పోనీ, సర్కారు కాగితాలు చూద్దామా? ఓడల్లో వచ్చేవాళ్ల జాబితాలను అమెరికా ప్రభుత్వం తప్పనిసరి చేసింది 1820 నుంచే. జనాభా లెక్కలు 1790లోనే మొదలైనా 1840 దాకా ఇంటి యజమాని పేరొక్కటే రాసేవారు. ఆలుబిడ్డలంతా అంకెలే. ఇంట్లో అందరి పేర్లూ రాయడం 1850లో మొదలైంది. అప్పుడు కూడా బానిసలకు పేర్లు రాయలేదు, వయసు రాసి వదిలేశారు. తీరా ఆ లెక్కలు రాసే వేళకు మన హయ్యర్ గురజాలలో ఉన్నారు!

కాబట్టి అలాంటివాళ్ల విషయంలో దిక్కు చర్చి రిజిస్టర్లే. బాప్తిస్మం, పెళ్లి, భూస్థాపన... మూడూ తేదీలతో సహా రాసి ఉంటాయి.

ఇక మన దగ్గరికొద్దాం. పల్నాడులో వంశాల లెక్క నోటి మీద నడిచింది. ఇంటిపేర్లు, గోత్రాలు పిచ్చిగుంట్లవాళ్లు పాడి వినిపించేవారు. కారంపూడిలో పల్నాటి వీరుల కథను ఇప్పటికీ పాడుతూనే ఉన్నారు. భూమి ఉన్నవాడి పేరు కరణం లెక్కల్లోకి ఎక్కేది. మరి భూమి లేని కూలివాడి పేరు? హయ్యర్ రోజుల్లోనూ, ఆ తర్వాతా మతం పుచ్చుకున్న ఎన్నో పేద కుటుంబాల వాళ్లకు తాతముత్తాతల పేర్లు కాగితం మీద దొరికే చోటు ఏదైనా ఉందంటే, అది ఊళ్లో చర్చి బీరువాయే.

అమెరికాలో అలాంటి పుస్తకాలు చాలావరకు మైక్రోఫిల్మ్‌లోకి, అక్కణ్నుంచి కంప్యూటర్లోకి ఎక్కాయి. మన పాత పుస్తకాలకు మాత్రం చెదలు, వానచెమ్మ ఉండనే ఉన్నాయి. ఈసారి సొంతూరు వెళ్లినప్పుడు పాస్టరుగారిని అడిగి మీ ఇంటివాళ్ల పేజీ ఎక్కడుందో చూడండి. ఉంటే అక్కడే సెల్‌ఫోన్‌తో ఓ ఫొటో తీసుకోండి. పేరు పక్కన ఊరు, తండ్రి పేరు కూడా పడేలా...