తుక్కు మన పేరున, సొమ్ము ఇంకొకరి పేరున

మన్యంలో తిరిగే జీపుల్లో షోరూము నుంచి నేరుగా వచ్చినవి ఎన్ని? వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. సంతకి మనుషుల్నీ, చింతపండు బుట్టల్నీ, పసుపు బస్తాల్నీ మోసే కమాండర్ జీపులు, ట్రెక్కర్లు, ఆటోలు చాలావరకు మైదానంలో ఏళ్ళ తరబడి తిరిగినవే. అక్కడ ధర పడిపోయాక ఘాట్ ఎక్కుతాయి. బండి బాగున్న రోజుల్లో దాని సుఖమూ, దాని మీద వచ్చిన ఆదాయమూ వేరేవాళ్ళు తిన్నారు. మన దగ్గరికి వచ్చేది రిపేర్ల వయసులో. ఒకనాడు అది ఏ చింతచెట్టు కిందో ఆగిపోతుంది. అక్కడి నుంచి దాని చలానాలు, దాని పన్ను, దాని నుంచి కారే నూనె, అన్నీ ఆఖరి యజమానివి. ఆ ఆఖరి యజమాని ఎక్కువసార్లు ఆదివాసీ.

పాత బండ్లని తుక్కు చెయ్యడం గురించి పత్రికల్లో రాసేవాళ్ళు పొగ గురించి రాస్తారు, కొత్త బండ్ల అమ్మకాల గురించి రాస్తారు. ఆగిపోయిన బండి ఖర్చు ఎవరు భరించాలన్నది ఎవరూ రాయరు. అందుకే మనమే రాసుకోవాలి.

ముందు చట్టం ఏం చెబుతోందో చూద్దాం. 2021 మార్చి 18న కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ పార్లమెంటులో తుక్కు విధానాన్ని ప్రకటించారు. అదే ఏడాది సెప్టెంబరులో తుక్కు కేంద్రాలకి నియమాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్ళు దాటిన సొంత కారు రిజిస్ట్రేషన్‌ని తిరిగి రాయించుకునే ఫీజు 600 రూపాయల నుంచి 5,000కి పెరిగింది. మోటారు సైకిలుకి 300 నుంచి 1,000 అయింది. సొంత కారుకి ఆలస్యమైతే నెలకి 500 రూపాయలు, మోటారు సైకిలుకి 300 రూపాయలు అదనం. కిరాయికి తిరిగే బండికి ఎఫ్‌సీ గడువు దాటితే రోజుకి 50 రూపాయలు.

రోజుకి 50 అంటే చిన్న మొత్తంలా వినిపిస్తుంది. బడిపిల్లల చేత గుణకారం చేయించండి. ఏడాదికి 18,250 రూపాయలు. రెండేళ్ళకి 36,500. ఇంజను పాడై రెండేళ్ళు ఇంటి ముందు నిలబడిన ఆటోని బాగుచేసి మళ్ళీ తిప్పుకుందామంటే, రిపేరు ఖర్చుకి ముందే ఈ లెక్క ఎదురొస్తుంది. చాలా పాత ఆటోల ధర అంత ఉండదు. మూడు నెలలకోసారి పన్ను కట్టే బండి అయితే, తిరగడం ఆగిపోయిందని ముందుగా రాసివ్వకపోతే ఆ పన్ను కూడా పెరుగుతూనే ఉంటుంది. తిరగని బండికి పన్నేమిటని మనం అడుగుతాం. రాసివ్వలేదు కదా అని ఆఫీసు అంటుంది. రాసివ్వాలని ఏ సంతలో దండోరా వేశారు? కూవిలో, ఆదివాసీ ఒడియాలో ఎవరు చెప్పారు?

ఇక్కడే ఒక అబద్ధాన్ని కూడా పట్టుకోవాలి. 15 ఏళ్ళు నిండితే బండిని తుక్కు చెయ్యాల్సిందే, లేకపోతే పట్టుకుపోతారని బ్రోకర్లు భయపెడతారు. ఆ భయంలోనే మనవాళ్ళు వచ్చిన ధరకి ఇచ్చేస్తారు. ఢిల్లీ ప్రాంతం సంగతి వేరు. మన రాష్ట్రాల్లో సొంతదారుల బండ్లకి వయసు ఒక్కటే కారణంగా తుక్కు చెయ్యాలన్న నిబంధన లేదు. పరీక్షలో నెగ్గి, ఫీజు కట్టి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. 15 ఏళ్ళ గడువు ఖాయంగా పెట్టింది ప్రభుత్వ బండ్లకి. 2023 ఏప్రిల్ 1 నుంచి వాటికి రిజిస్ట్రేషన్ పొడిగించరు. ఆ మాట నిజమా కాదా అని చూడాలంటే మన్యంలో ఏ పాత ఆఫీసు వెనక్కైనా వెళ్ళండి. తీగలు అల్లుకున్న ప్రభుత్వ జీపు కనబడుతుంది. మన ఆటోకి రోజుకి 50 లెక్కగట్టేవాళ్ళు ఆ జీపుకి ఎవరి మీద లెక్కగడుతున్నారు?

సరే, బండి ఇక పనికిరాదని మనమే తుక్కుకి ఇద్దామనుకున్నాం. అప్పుడు మనకి వచ్చేదేమిటి?

విధానంలో చెప్పిన లాభాలు ఇవి. అలాంటి కొత్త బండి షోరూము ధరలో 4 నుంచి 6 శాతం దాకా తుక్కు విలువ రావచ్చన్నారు. అంటే కొత్తది 10 లక్షలైతే 40 వేల నుంచి 60 వేలు. గుర్తింపు ఉన్న తుక్కు కేంద్రం ఒక డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తుంది. అది చూపిస్తే కొత్త బండి రోడ్డు పన్నులో, సొంత బండికైతే 25 శాతం దాకా, కిరాయి బండికైతే 15 శాతం దాకా రాయితీ. కొత్త బండి రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ. కంపెనీలు 5 శాతం తగ్గింపు ఇవ్వాలని సూచన.

జాగ్రత్తగా చదవండి. తుక్కు విలువ తప్ప మిగతా లాభాలన్నీ కొత్త బండి కొనేవాడికే. పాత జీపు పోతే మరో పాత జీపు తెచ్చుకునేవాడికి వీటిలో ఒక్కటీ లేదు. ఆ డిపాజిట్ సర్టిఫికెట్‌ని ఇంకొకరికి బదిలీ చెయ్యొచ్చని నియమాల్లో ఉంది. అంటే కొత్త బండి కొనబోయే మైదానం మనిషికి దాన్ని అమ్ముకోవచ్చు. ఈ ఒక్క ముక్క మన ఊళ్ళలో ఎవరికి తెలుసు? బ్రోకరుకి తెలుసు.

ఆ కేంద్రాలేమో పరిశ్రమలున్న చోట, మైదానంలో పెడతారు. కదలని జీపుని ముంచంగిపుట్టు నుంచో, పెదబయలు నుంచో ఘాట్ దింపాలంటే లారీ కిరాయి, క్రేన్ కూలి కావాలి. వచ్చే తుక్కు సొమ్ములో పెద్ద భాగం దారిలోనే అయిపోతుంది. అందుకని ఊళ్ళోకి వచ్చే పాత ఇనుప సామాన్ల వ్యాపారే గతి. అతను కాటా తేడు. చుట్టూ ఒకసారి తిరిగి, టైరుని కాలితో తన్ని, గుత్తగా ఒక ధర చెబుతాడు. ఒకప్పుడు షావుకార్లు చింతపండుకి, జిగురుకి ఇలాగే ధర కట్టారు. ఆ దోపిడీని ఆపడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. అడవి సరుకుకి కాటా కావాలని ఒప్పుకున్న ప్రభుత్వం ఇనుముకి కాటా ఎందుకు అక్కర్లేదనుకుంటోంది?

ఇంతకన్నా పెద్ద ప్రమాదం కాగితంలో ఉంది. వ్యాపారి జీపుని ముక్కలు చేసి తీసుకుపోతాడు. ఆర్‌సీ మన పేరునే ఉండిపోతుంది. ఇంజను పనికొస్తే ఇంకో బండికి ఎక్కుతుంది. నంబరు పలక ఇంకెక్కడో తిరగొచ్చు. బండి ముక్కలు కాకుండా మొత్తంగా మరొకరి చేతికి పోయినా అంతే. 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో తేల్చి చెప్పింది. రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో చట్టం దృష్టిలో వాళ్ళే యజమాని. బండి ఎన్ని చేతులు మారినా ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత ఆ పేరు మీదే పడుతుంది.

ఈ తీర్పు మన్యంలో ఎంత బరువో ఆలోచించండి. ఆదివాసీ పేరున సబ్సిడీ లోను, నడిపేది, తినేది గిరిజనేతరుడు. ఈ బినామీ వ్యవహారం మన ఊళ్ళకి కొత్త కాదు. భూమి విషయంలో 1/70 చట్టం ఉంది, బినామీ అని కనీసం కేసు వెయ్యొచ్చు. బండికి ఆ చట్టం వర్తించదు. బండి సంపాదించినన్నాళ్ళు అతనిది. బండి చచ్చిన రోజు నుంచి మనది. పన్ను నోటీసు మన ఇంటికి, లోను బాకీ మన పేరుకి, తుక్కు సొమ్ము అతని జేబుకి.

ఇక గెడ్డ సంగతి. ఇంటి ముందు విప్పిన బండి నుంచి ఇంజనాయిలు, గేరాయిలు, బ్రేకాయిలు నేలలోకి దిగుతాయి. బ్యాటరీ పగలగొట్టి సీసం తీస్తే యాసిడ్ మట్టిలో పోతుంది. రాగి కోసం వైర్లు కాలిస్తే ఆ పొగ పిల్లలు పీలుస్తారు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది. మనం తాగేది ఊటనీరు, గెడ్డనీరు. పట్నం పొగ తగ్గించడానికి పాత బండ్లు పోవాలంటున్నారు. ఆ బండ్లు మాయం కాలేదు, మన ఊటల పక్కకి వచ్చి ఆగాయి.

మా మీద ఒక మాట విసురుతారని తెలుసు. బ్రేకుల్లేని డొక్కు జీపుల్లో 20 మందిని ఎక్కించుకుని ఘాట్‌లో పడిపోతున్నది మీరు కాదా, వాటిని వెనకేసుకొస్తారా అని. ఆ జీపులు పడినప్పుడు చచ్చేది మనవాళ్ళే. శవాల్ని మోసేది మనమే. బ్రేకు పట్టని బండి రోడ్డు మీద ఉండకూడదని మనకి ఇంకొకరు నేర్పక్కర్లేదు. మన ప్రశ్న వేరు. ఆ జీపు ఆగిపోయిన మర్నాడు సంతకి ఎలా వెళ్ళాలి? తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి బస్సు ప్రయాణం ఉచితం. మంచి పని. టికెట్టు ఉచితమే, మా ఊరికి బస్సేది? నిండు చూలాలిని డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చాక అక్కడ దొరికేది చాలాచోట్ల ఆ పాత జీపే. దాన్ని పట్టుకున్న బ్రేక్ ఇన్‌స్పెక్టరు కేసు రాసి వెళ్ళిపోతాడు. ఆమెని ఆసుపత్రికి చేర్చే బాధ్యత ఆయన రాసిన కాగితంలో ఉండదు. డొక్కు బండిని ఆపండి, దాని చోట బస్సు పెట్టండి. రెండూ ఒకే రోజున జరగాలి.

మనం అడగాల్సినవి స్పష్టంగా ఉన్నాయి.

ఒకటి. ఏడాదికి రెండుసార్లు మండల కేంద్రానికి కాటా రావాలి, బండ్లెత్తే లారీ రావాలి. ఆ పని ఐటీడీఏ గానీ, గిరిజన సహకార సంస్థ గానీ పూనుకోవాలి. రవాణా శాఖ ఉద్యోగి అదే రోజు అక్కడే కూర్చుని ఆర్‌సీ రద్దు కాగితం ఇవ్వాలి. సొమ్ము ఆర్‌సీలో పేరున్న మనిషి బ్యాంకు ఖాతాలోనే పడాలి.

రెండు. ఆ లారీ ఖర్చు బండ్లు తయారుచేసిన కంపెనీలు పెట్టుకోవాలి. 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పాత వాహనాల నియమాలు తుక్కు బాధ్యతలో తయారీదారుకీ భాగం పెట్టాయి. కొండరోడ్డుకి మా జీపే మేలని అమ్ముకున్న కంపెనీ, చచ్చిన జీపుని దింపడానికి కొండెక్కాలి.

మూడు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఆగిపోయిన బండ్ల మీద పేరుకున్న ఆలస్య రుసుము మాఫీ కావాలి. పార్లమెంటు చేసిన ఏ చట్టాన్నైనా షెడ్యూల్డ్ ప్రాంతానికి వర్తించకుండా గానీ, మార్పులతో వర్తించేలా గానీ ప్రకటించే అధికారం రాజ్యాంగం ఐదో షెడ్యూలు 5వ పేరా గవర్నరుకి ఇచ్చింది. ఆ అధికారం ఇలాంటి చోట వాడకపోతే ఇంకెక్కడ వాడతారు?

ఇవి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. చదువుకున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఊరికో నోటుపుస్తకం పెట్టండి. ఆగిపోయిన ప్రతి బండి నంబరు, చాసిస్ నంబరు, ఆర్‌సీలో ఉన్న పేరు, నిజంగా నడిపిన మనిషి పేరు అందులో రాయండి. బినామీ ఎక్కడుందో ఆ పుస్తకమే చూపిస్తుంది. ఫోనులో ఆ నంబరు మీద ఎంత చలానా ఉందో చూసి యజమానికి చెప్పండి. బండి అమ్మితే 14 రోజుల్లో, నాశనమై ఇక పనికిరాకపోయినా 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ ఆఫీసుకి తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం 50, 55 సెక్షన్లు చెబుతున్నాయి. ఆ కాగితం మీరే రాసిపెట్టండి. ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. కాటా లేకుండా, ఆర్‌సీ రద్దు కాకుండా ఊళ్ళోంచి ఒక్క ఇనుప ముక్క కూడా కదలకూడదని గ్రామసభలో తీర్మానం చెయ్యండి. బ్యాటరీ ఊళ్ళో పగలగొట్టకూడదని కూడా అందులోనే రాయండి.

మాస్టార్లూ, టీచరమ్మలూ, మీకూ ఒక పని ఉంది. లేఖారచన పాఠంలో స్నేహితుడికి ఉత్తరం ఎన్నాళ్ళు రాయిస్తారు? మా నాన్న ఆటో ఆగిపోయింది, రిజిస్ట్రేషన్ రద్దు చెయ్యండి అని దరఖాస్తు రాయించండి. లెక్కల్లో రోజుకి 50 చొప్పున ఏడాదికెంతో వేయించండి. టన్ను బరువున్న జీపుకి కిలో రేటు చొప్పున ఎంత రావాలి, వ్యాపారి గుత్తగా ఎంత ఇచ్చాడు, తేడా ఎంత అని అడగండి. ఆ తేడా రాబట్టిన పిల్ల ఇంటికెళ్ళి వాళ్ళ నాన్నకి చెబుతుంది. ఆ తర్వాత వచ్చే వ్యాపారి కాటా తెచ్చుకోవాల్సిందే.