ఆకు రాలింది, చెట్టు చావలేదు

తర్లుపాడు దగ్గర మా బాబాయికి నాలుగెకరాల కంది చేనుంది. గట్టు పొడవునా చిల్లకంప. పుస్తకాల్లో సర్కారు తుమ్మ అని రాసేది దీన్నే. ఏప్రిల్‌లో పోయినప్పుడు గట్టంతా మాడిపోయి కనిపించింది.

"2,4-డి కొట్టించారా అబ్బాయ్. పీడ విరగడైంది. ఇంక బోరు నీళ్లు మనకే" అన్నాడు సంబరంగా.

ఆగస్టులో మళ్లీ పోయాను. ఒక్కో మొదలు చుట్టూ ఏడెనిమిది పిలకలు! మందు డబ్బులూ, కూలి డబ్బులూ మట్టిలో కలిశాయి.

మందు కల్తీదా అంటే, కాదు. తప్పు పట్టాల్సింది ఏప్రిల్ నెలను. ఆకుల మీద కంటికి ఆనని రంధ్రాలుంటాయి. ఒక్కోదానికి తలుపు రెక్కల్లా రెండు కణాలు. అవి నీళ్లు నిండి ఉబ్బితే రంధ్రం తెరుచుకుంటుంది, వాడితే మూసుకుంటుంది. చెట్టు వేళ్లతో తాగే నీళ్లలో నూటికి తొంభై పాళ్ల పైనే ఈ రంధ్రాల్లోంచి ఆవిరైపోతాయి.

మందు కూడా వీటిలోంచే దూరుతుందని చాలామంది అనుకుంటారు. ఎక్కువ భాగం దిగేది ఆకు మీది మైనపు పొర గుండా. మన ఎండలకి ఆ పొర మందమెక్కుతుంది. నీళ్లు చాలక రంధ్రాలు మూతపడితే ఆకులో చక్కెర తయారీ తగ్గుతుంది. మందు వేరుదాకా పోవాలంటే ఆ చక్కెర ప్రవాహంతోనే పోవాలి. బండే కదలకపోతే అందులో సరుకు ఎక్కడికి పోతుంది?

ఇంకో తిరకాసుంది. 2,4-డి చెట్టు సొంత హార్మోన్‌లా నటిస్తుంది. దాంతో చెట్టులో ఇథిలిన్ పెరుగుతుంది, దాని వెంట అబ్సిసిక్ ఆమ్లం పెరుగుతుంది. ఆ ఆమ్లం రంధ్రాల్ని మూసేస్తుంది. ఆకు వంకర్లు తిరిగి ఎండి రాలిపోతుంది. బాబాయి సంబరపడింది అప్పుడే. నీటి ఖర్చు ఆగిన మాట నిజమే, కొత్త ఆకు వచ్చేదాకా. ఆకు మరీ తొందరగా మాడితే మందు వేరుకు దిగే దారీ పోతుంది.

అనుమానముంటే మీరే చూడండి. పొద్దున్నే పచ్చి కొమ్మకొక పాలిథిన్ సంచి, మందు పడిన కొమ్మకొక సంచి కట్టండి. కాసేపటికి మొదటిదాని లోపల చెమట పట్టినట్టు నీటి బొట్లు కనిపిస్తాయి.

అసలీ చెట్టు మనది కాదు. వంటచెరుకు కోసమని బెడ్డోమ్ అనే అటవీ అధికారి అడిగితే, 1877లో పక్కనున్న కడప జిల్లాకి విత్తనాలు తెప్పించారు. అమెరికాలో టుక్సాన్ దగ్గర ఒక గనిలో దీని జాతి చెట్టు వేరు 53 మీటర్ల లోతున దొరికింది. అలాంటిదాన్ని పైన ఆకు మాడ్చి చంపగలమా?

మందే కొట్టాలంటే వానలు పడి, ఆకు ముదురాకుపచ్చగా ఉన్నప్పుడు, గాలి లేని పొద్దున కొట్టాలి. పక్కన పత్తి ఉంటే మాత్రం 2,4-డి జోలికే పోవద్దు. తుంపర తగిలినా పత్తి ఆకు బెండాకులా చీలిపోతుంది. గ్లైఫోసేట్ సంగతంటారా, పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే వాడాలని కేంద్రం 2022లో ఆంక్ష పెట్టింది.

నా ఓటు గడ్డపారకే. పిలకలు లేచే మొగ్గలు మొదట్లోనే, నేల కింద జానెడు మూరెడు లోతులో ఉంటాయి. ఆ ముడిని పెళ్లగిస్తే కింద మిగిలిన వేరు మళ్లీ లేవదు. బాబాయి అడిగిన కూలీలు దసరా తర్వాత వస్తామన్నారట.