అడిగి తెలుసుకుందా, కాగితం చూసి నమ్మిందా?

మన ఓఎస్ ల్యాబ్ రికార్డు ఒకసారి తిప్పండి. రౌండ్ రాబిన్, బ్యాంకర్స్ అల్గారిథం, పేజ్ రీప్లేస్‌మెంట్... అన్నీ ఉంటాయి. అన్నిట్లోనూ ఒక సంగతి ముందే ఒప్పేసుకుంటాం: ప్రాసెసర్ ఉంది, మెమరీ ఉంది, డిస్క్ ఉంది. అవి ఉన్నాయని కెర్నల్‌కి ఎవరు చెప్పారు? ఈ ప్రశ్న రికార్డులో కనపడదు. నా వాదన ఒక్కటే: ఓఎస్ ల్యాబ్ మొదటి వారం ఈ ప్రశ్నతోనే మొదలవ్వాలి.

పవర్ బటన్ నొక్కగానే పీసీలో కోర్లన్నీ ఒకేసారి పనిలోకి దిగవు. ఒక్క కోర్ మీదే కెర్నల్ మొదలవుతుంది, మిగతావి పిలుపు కోసం ఆగి ఉంటాయి. ఆ మొదటి కోర్‌ని 'నువ్వెవరు?' అని అడగడానికే సీపీయూఐడీ అనే ఇన్‌స్ట్రక్షన్ ఉంది. జవాబుగా 12 ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి: 'జెన్యూన్ ఇంటెల్' అనో, 'అథెంటిక్ ఏఎండీ' అనో. మరి మిగతా కోర్లు ఎన్ని? దానికి ఫర్మ్‌వేర్ రాసిపెట్టిన ఏసీపీఐ పట్టిక చూస్తుంది. అందులో ఉన్నవాటికి ఒక్కొక్కదానికీ కబురు పంపి నిద్ర లేపుతుంది.

పీసీఐ దగ్గర పద్ధతి వేరు. అది ఇంటింటి సర్వే. ఒక్కో బస్సు మీద 32 డివైజ్‌లకు చోటు, ఒక్కో డివైజ్‌లో 8 ఫంక్షన్ల దాకా. కెర్నల్ వరసగా తలుపు కొట్టి 'ఎవరయ్యా లోపల?' అంటుంది. డివైజ్ ఉంటే తయారీదారు నంబర్ చెబుతుంది. లేకపోతే 16 బిట్లూ ఒకట్లే వస్తాయి. ఇల్లు ఖాళీ అన్నమాట. ఇంటెల్ నంబర్ హెక్సాడెసిమల్‌లో 8086. మైక్రోప్రాసెసర్ల పేపర్లో మనల్ని ఏడిపించిన చిప్ పేరే!

అంటే కెర్నల్‌కి రెండు దారులు: అడిగి తెలుసుకోవడం, కాగితాన్ని నమ్మడం. ఈ తేడా నందికొట్కూరు వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. 2022 ఏప్రిల్ 4న ఆ ఊరు కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాకి మారింది. ఊరు అంగుళం కదల్లేదు, కేసీ కాలువ దారి మళ్లలేదు. మారింది కాగితమే. పొలం దున్నేది ఒకరు, అడంగల్‌లో పేరు ఇంకొకరిది అనే తగాదాలు మన సీమలో ఎన్ని లేవు! కాగితం అవసరమే. కానీ దాన్ని ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో తెలియకుండా నమ్మితే ఇబ్బందే. లినక్స్‌కి ఈ సంగతి తెలుసు. పట్టికలో తప్పు పట్టుకున్న చోట మొహమాటం లేకుండా 'ఫర్మ్‌వేర్ బగ్' అని లాగ్‌లో రాసేస్తుంది.

'ఇదంతా బోర్డు తయారుచేసేవాళ్ల గొడవ, ఇంటర్వ్యూలో ఎవరడుగుతారు?' అనొచ్చు. సరే, మన ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల సంగతే చూద్దాం. పొలంలో వేడి, తేమ కొలిచే ప్రాజెక్టు ప్రతి ఏడాదీ ఉంటుంది. రాస్ప్‌బెర్రీ పై పిన్నులకి ఐ2సీ సెన్సర్ తగిలిస్తారు. యూఎస్‌బీ పెన్‌డ్రైవ్ లాగా అదే పలుకుతుందని ఎదురుచూస్తారు. పలకదు. చిరునామా పెట్టి పిలిస్తే 'ఉన్నా' అంటుందే తప్ప, తన పేరేంటో చెప్పాలన్న నియమం ఐ2సీలో లేదు. కెర్నల్ డ్రైవర్ దాన్ని పట్టుకోవాలంటే సాధారణంగా డివైస్ ట్రీలో ఎవరో రాసిపెట్టాలి. ఆర్మ్ బోర్డుల్లో కాగితం పాత్ర అంత పెద్దది. ఒకప్పుడు ఒక్కో బోర్డు వివరాలూ కెర్నల్ కోడ్‌లోనే రాసేవాళ్లు. అది పెరిగి పెరిగి గందరగోళమైతే 2011లో లైనస్ టోర్వాల్డ్స్ గట్టిగానే కోప్పడ్డాడు. ఆ తర్వాతే ఆర్మ్ లినక్స్ డివైస్ ట్రీ వైపు మళ్లింది. ఇది తెలియని బ్యాచ్ ఏం చేస్తుంది? సెన్సర్ పాడైందనుకుని ఇంకోటి ఆర్డర్ పెడుతుంది. అదీ పలకదు. ఇంటి నుంచి వచ్చిన డబ్బు, రివ్యూకి మిగిలిన వారం రెండూ పోతాయి. తప్పు సెన్సర్‌ది కాదు, కాగితంలో దాని పేరు లేదు.

అందుకే మొదటి వారం షెడ్యూలింగ్ ప్రోగ్రాం వద్దు. ప్రతి ఒక్కరూ తమ సిస్టమ్ బూట్ లాగ్ తీసి చదవాలి. ఏ లైన్ కెర్నల్ అడిగి తెలుసుకున్నది, ఏ లైన్ కాగితం చూసి నమ్మినది అని పక్కన రాసుకోవాలి. కొత్త పరికరాలు కొనక్కర్లేదు, ల్యాబ్‌లో ఉన్న పాత పీసీలు చాలు. పక్కపక్కన కూర్చున్న ఇద్దరి లాగ్‌లు ఎందుకు వేరుగా ఉన్నాయో మాట్లాడుకుంటే చాలు, సగం పాఠం అయిపోయినట్టే.

సిలబస్ మారేదాకా ఆగక్కర్లేదు. ఈ రాత్రే ఉబుంటులో టెర్మినల్ తెరిచి సుడోతో డి-ఎం-ఇ-ఎస్-జి కొట్టండి. ఎక్కడైనా 'ఫర్మ్‌వేర్ బగ్' అన్న లైన్ దొరికితే మన క్లబ్బు గ్రూపులో పెట్టండి. ఏ కాగితం తప్పిందో అందరం కలిసి వెతుకుదాం.